తెల్లారగట్ల హాజరు

డిసెంబర్ 3, 2025, బుధవారం

ఈ పుస్తకం లెసన్ ప్లాన్లు రాయమని డిపార్ట్‌మెంట్ ఇచ్చింది. ముందు నుంచి లెసన్ ప్లాన్, వెనక నుంచి ఇది. రెండూ ఎవరూ చదవరు.

స్కూలు పెట్టి డెబ్బై అయిదేళ్ళయిందట. ఫిబ్రవరి 22న ఫంక్షన్, దానికో సావనీర్. అందులో ఎనిమిది పేజీల స్కూలు చరిత్ర నేను రాయాలి. హెచ్చెమ్ బిందుమాధవి గారు పిలిచి, అనిల్ కుమార్ గారూ, సోషల్ చెప్పేవాళ్ళకి చరిత్ర రాయడం ఎంత పనండీ అన్నారు. నేను చెప్పేది మొఘలుల చరిత్ర, ఈ ఊరిది కాదు అన్నాను. ఆవిడ నవ్వి ఒక ఫైలు నా చేతిలో పెట్టారు. స్టాఫ్ రూమ్‌కి వచ్చి తెరిచి చూస్తే అందులో ఒక్క కాగితం లేదు.

ఈ స్కూలుకి ట్రాన్స్‌ఫరై వచ్చి మూడేళ్ళు. పర్చూరులో ఉంటాను. పదకొండు కిలోమీటర్లు బండి మీద వస్తాను, నాలుగింటికి బెల్ కొట్టగానే వెళ్ళిపోతాను. ఈ ఊరి మీద నాకు ప్రేమా లేదు, కోపమూ లేదు. చరిత్ర రాయడానికి ఇదే నా క్వాలిఫికేషన్ అనుకుంటా.

డిసెంబర్ 5

చరిత్ర ఇప్పటిదాకా ఇది. 1950లో యలమందయ్య గారు మూడెకరాలు ఇచ్చారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కన తాటాకుల షెడ్డులో ఆరో తరగతితో మొదలయింది. 1957లో పెంకుల బిల్డింగ్ కట్టారు. ఇప్పుడు దాని వరండా ఒక్కటే మిగిలింది. మిగతాది తర్వాత స్లాబ్ వేసింది.

ఇదంతా యలమందయ్య గారబ్బాయి శ్రీకృష్ణ గారు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ నుంచి. 1979 టెన్త్ బ్యాచ్ ఆయన. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఫంక్షన్ ఖర్చంతా ఆ బ్యాచ్‌దే. పద్నాలుగు నిమిషాల మెసేజ్‌లో మా నాన్న గారు అనే మాట పందొమ్మిది సార్లు వచ్చింది. రెండోసారి విన్నప్పుడు లెక్కపెట్టాను. నాకు వేరే పనేం లేదు.

డిసెంబర్ 9

హెచ్చెమ్ రూమ్ గోడకి చెక్క బోర్డు ఉంది. ఆకుపచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు. 1950 నుంచి పనిచేసిన హెడ్మాస్టర్ల పేర్లు, తేదీలు. కాపీ చేసుకుందామని కుర్చీ వేసుకుని నిలబడ్డాను.

ఏడో వరుస ఖాళీ. ఆరో ఆయన 1975 జూన్‌లో వెళ్ళారు, ఎనిమిదో ఆయన 1979 మార్చిలో వచ్చారు. మధ్యలో నెంబరు ఏడు ఉంది, పేరు లేదు. దగ్గరికెళ్ళి చూస్తే రాసిన దాని మీదే మళ్ళీ ఆకుపచ్చ రంగు కొట్టారు. వేలితో తడిమితే అక్షరాలు తగులుతున్నాయి, చదవడానికి మాత్రం రావడం లేదు.

మేడమ్‌ని అడిగాను. ఆవిడ కుర్చీ ఆ బోర్డుకి వీపు పెట్టి ఉంటుంది. నాలుగేళ్ళలో ఎప్పుడూ చూడలేదండీ అన్నారు. నమ్మాను.

డిసెంబర్ 10

శ్రీకృష్ణ గారికి ఫోన్ చేశాను. ఆ నాలుగేళ్ళూ ఇన్‌ఛార్జే మాస్టారూ, రెగ్యులర్ హెచ్చెమ్ లేడు అన్నారు. ఇన్‌ఛార్జి పేరుకి రంగెందుకు కొట్టారని నేను అడగలేదు.

డిసెంబర్ 18

ఆటసామాన్ల గదిలో పాత రిజిస్టర్లు దొరికాయి. చిరిగిన వాలీబాల్ నెట్ కింద రెండు ట్రంకు పెట్టెలు. ఒకటి చెదలు తినేశాయి. రెండోదాంట్లో అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు రాసే లాగ్ బుక్ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఎగ్గొట్టి అక్కడే కూర్చున్నాను.

లాగ్ బుక్‌లో 1979 మార్చి 15న ఒక ఇన్‌స్పెక్టర్ చక్కటి ఇంగ్లీషులో పేజీన్నర రాశాడు. సారాంశం ఇది. హెడ్మాస్టర్ లక్ష్మీనరసింహం గారే పదో తరగతి క్లాస్ టీచర్. ఆ క్లాసులో ఇరవై మూడో నెంబరు కోటేశ్వరమ్మ. ఫిబ్రవరి 20న పొద్దున పదింటికి మిరప చేలో పాము కరిచి చనిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం కూడా ఆ పిల్లకి హాజరు పడింది. ఆ తర్వాత పందొమ్మిది పని దినాలూ పడింది. చనిపోయిన విద్యార్థినికి హాజరు వేసిన మనిషి హెడ్మాస్టర్‌గా ఉండతగడు. సస్పెన్షన్‌కి సిఫారసు చేస్తున్నాను.

ఆ ఏడాది హాజరు పట్టీ తీశాను. నలభై ఒక్క పేర్లు. ఇరవై మూడో వరుసలో నీలం సిరాతో P, P, P.

ఇరవై రెండేళ్ళుగా రిజిస్టర్లు రాస్తున్నాను. వారం రోజుల హాజరు ఒకేసారి కూర్చుని నింపితే నాకు తెలిసిపోతుంది, నేనూ నింపాను కాబట్టి. ఇవి అలా నింపినవి కావు. ఏ రోజుకారోజు వేసినవి. ఒకరోజు సిరా పలుచగా, ఒకరోజు చిక్కగా ఉంది. మతి పోయిన మనిషి వేసినట్టు కూడా లేదు. మార్చి 16 నుంచి వేరే చేతిరాత. ఇరవై మూడు మీద ఎర్రగీత.

డిసెంబర్ 19

మొఘలులే నయం.

జనవరి 5, 2026

నిన్న ఆదివారం నల్లపాడు వెళ్ళాను. లక్ష్మీనరసింహం గారి కొడుకు శశిభూషణ్ గారు అక్కడుంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. స్కూలు పేరు చెప్పగానే కూర్చోమన్నారు. కాఫీ తెప్పించారు.

వాళ్ళ నాన్న గారిని సస్పెండ్ చేశాక హెచ్చెమ్ పోస్టు తీసేసి, మామూలు టీచర్‌గా కనిగిరి అవతలికి పంపారట. అక్కడే రిటైరయ్యారు, 1991లో పోయారు. ఇంట్లో ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదట. పొరపాటున పడిందండీ అని ఒక్క మాట రాసిచ్చి ఉంటే ఇంక్రిమెంటు కోతతో పోయేది, అది కూడా రాయలేదు, చిన్నప్పుడు అందుకే నాన్న గారి మీద కోపంగా ఉండేది అన్నారు.

బీరువాలోంచి రెండు కాగితాలు తెచ్చి చూపించారు. మొదటిది ఆయన ఇచ్చిన సంజాయిషీ, కార్బన్ కాపీ. నాలుగే వాక్యాలు. నేను పేరు పిలిచాను. ఆ పేరుకి జవాబు వచ్చింది. వచ్చినందున హాజరు వేశాను. జవాబు చెప్పినది ఆ విద్యార్థిని తల్లి హనుమాయమ్మ.

రెండోది హనుమాయమ్మ వాంగ్మూలం, వేలిముద్రతో. నేను కూలిపని చేసుకునేదాన్ని, బడి మెట్లు ఎన్నడూ ఎక్కి ఎరగను అని ఉంది.

రెండింటిలో ఒకటి అబద్ధం. ఫొటోలు తీసుకున్నాను. వచ్చేటప్పుడు శశిభూషణ్ గారు గేటు దాకా వచ్చి, బోర్డు మీద మా నాన్న గారి పేరు వేస్తే వెయ్యండి, జాలితో మాత్రం వద్దు, తేదీలతో వెయ్యండి అన్నారు.

జనవరి 7

మేడమ్‌కి చెప్పాను. విని, ఇప్పుడిది అవసరమా అండీ అన్నారు. సాయంత్రానికి శ్రీకృష్ణ గారి నుంచి ఫోన్. పెద్దవాళ్ళ నాటి సంగతులు మాస్టారూ, ఆ చేను కూడా మాదే, ఆ పిల్ల మా క్లాసే, పాపం, ఇప్పుడు అదంతా ఎత్తితే హనుమాయమ్మ తట్టుకోదు, కాస్త ఆలోచించండి అన్నారు. ఈ ప్రాంతంలో ఆలోచించండి అంటే వద్దని.

హనుమాయమ్మ ఇంకా ఉందన్న సంగతి నాకు అలా తెలిసింది.

జనవరి 22

సెలవులయ్యాయి కదా అని ఇవాళ హనుమాయమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎనభైకి దగ్గర. చిన్న కొడుకు ఇంట్లో, పంచలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. రెండు కుప్పలు. ఘాటుకి నాకు పదకొండు తుమ్ములు వచ్చాయి. ఆమెకి ఒక్కటీ రాలేదు.

స్కూలు చరిత్ర రాస్తున్నానమ్మా, లక్ష్మీనరసింహం సారు గురించి అని మొదలుపెట్టాను. నాకేం తెలవదు సారూ, మేం చదువుకున్నోళ్ళమా అంది. కోటేశ్వరమ్మ పేరు ఎత్తాను. చెయ్యి ఆగలేదు. కాయ తర్వాత కాయ తుంచుతూనే ఉంది.

లేచి వచ్చేస్తుంటే, మీరు చెప్పేది పదోక్లాసుకేనా అని అడిగింది. అవునన్నాను. ఎంతమంది అంది. ముప్ఫై ఒక్కరు అన్నాను. ఇవాళ ఎంతమంది వచ్చారు అంది. పద్నాలుగు మంది అన్నాను. కోతలు కదా అంది.

ఫిబ్రవరి 2

కోతలే. ఇవాళ ముప్ఫై ఒకటికి పన్నెండు. ఆరున్నరకల్లా ఆటోలు వచ్చి అమ్మలతో పాటు పిల్లల్నీ ఎక్కించుకుపోతున్నాయి. హాజరు యాప్ తొమ్మిదింటికి తెరుచుకుంటుంది, పదింటికి మూసుకుంటుంది. ఆ తర్వాత దేవుడొచ్చినా ఆబ్సెంటే.

ఆశ్రిత అనే పిల్ల పదకొండింటికి వచ్చింది. నా క్లాసులో మ్యాపు పాయింటింగ్ సరిగ్గా చేసే ఒకే ఒక్క మనిషి. చేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, వాటితోనే కళ్ళు నలుపుకుందట. పంపు దగ్గర కడుక్కోమని పంపాను. హాజరు పడదా సార్ అని అడిగింది. పడదన్నాను. రూలు నేను పెట్టింది కాదు. పిల్ల వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంది. ఇలాగే సాగితే తొమ్మిది మందికి హాజరు చాలదు. తొమ్మిది మందిలో ఆశ్రిత ఉంది.

పొద్దున ఆరింటికి టెన్త్ స్టడీ అవర్ పెడదామండీ, మీరు వస్తారా అని మేడమ్ అడిగారు. ఏడింటికి ముందు లేవడం నాకు పుట్టుకతోనే లేదన్నాను. చివరికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న శివరాత్రి. ఊరు ఊరంతా కోటప్పకొండ తిరునాళ్ళకి పోయి పొద్దునే తిరిగొచ్చారు. స్కూల్లో పిల్లల కంటే టీచర్లే ఎక్కువ.

నాలుగింటికి బండి తీస్తుంటే పాత వరండా మెట్ల మీద హనుమాయమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది, కూర్చోమన్నట్టు. కూర్చున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేనేమీ కలపలేదు.

ఆ రోజుల్లో పిల్లలు రాకపోతే కోతలు సాగేవి కాదు. హాజరు చాలకపోతే పరీక్షకి రానివ్వరు. సారు ఇల్లిల్లూ తిరిగాడు. పిల్లల్ని కోతకి పంపొద్దని ఎవర్నీ అనలేదు. తెల్లారగట్ల అయిదున్నరకి నా దగ్గరికి పంపండి, ఏడింటికి వదిలేస్తా అన్నాడు. ఈ వరండాలోనే. లాంతరు పెట్టుకుని పేర్లు పిలిచేవాడు, గంటన్నర పాఠం చెప్పేవాడు. పిల్లలు కారేజీలు పట్టుకుని ఇట్నుంచిటే చేలోకి పోయేవాళ్ళు. ఆ రోజుకి రెండు పూటల హాజరూ వేసేవాడు. తెల్లారగట్ల హాజరు అనేవాళ్ళు. ఊరికంతా తెలుసు, పై ఊరికి తెలవదు.

నేను రోజూ ఈ మెట్టు మీదే కూర్చునేదాన్ని సారూ, పిల్లని తీసుకుని పోదామని. ఆ వేళ కూడా నా పిల్ల పలికింది, నేను విన్నా. ఇద్దరం కలిసి యలమందయ్య గారి చేలోకి పోయాం. పదింటికి రక్తపింజర కరిచింది. పర్చూరు ఆస్పత్రి దాకా కూడా పోలా.

మర్నాడు తెల్లారగట్ల ఇంట్లో ఉండలేకపోయా. కాళ్ళు ఇటే వచ్చినయ్. మైల కదా, పైకి రాకుండా ఆఖరి మెట్టు మీద కూర్చున్నా. సారు తల ఒంచుకుని పేర్లు పిలుస్తున్నాడు. అలవాటున ఇరవై మూడు కూడా పిలిచేశాడు. పిల్లలందరూ బిగుసుకుపోయారు. నేను పలికా. ఎందుకు పలికానో ఇప్పటికీ తెలవదు. అది పలికినట్టే, ప్రెజెంట్ సార్ అన్నా. సారు తలెత్తి చీకట్లోకి చూశాడు. మళ్ళీ తల ఒంచుకుని రాశాడు.

ఆ మర్నాడు పిలవడేమో అనుకున్నా. పిలిచాడు. రోజూ పిలిచాడు. ఒకరోజు నాకు ఆలస్యమయింది. ఇరవై రెండు దగ్గర ఆపి, నేను గేటు దాటిందాకా ఆగాడు. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలా, నేనూ మాట్లాడలా. నాకు అన్నం సయించింది మాత్రం అప్పట్నుంచే సారూ.

తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యలమందయ్య గారు ఇంటికొచ్చి, తెల్లారగట్ల హాజరు సంగతి బయటపడితే నలభై మంది పిల్లల ఏడాది పోద్ది, నువ్వు బడికే రాలేదని చెప్పు అన్నాడు. చెప్పా. వేలిముద్ర ఏశా. సారు ఎదురుగానే నిలబడ్డాడు. నా ముఖం చూశాడు. ఆయన కూడా తెల్లవారుజాము సంగతి ఎత్తలా. ఎత్తితే పిల్లలకి పరీక్ష పోద్దని. ఆ నలభై మందీ పరీక్ష రాశారు. సారు మట్టుకు మర్నాడు సామాను ఎద్దుబండిలో ఏసుకుని పోయాడు. నేను అడ్డంపడి ఒక మాట చెప్పాల్సింది. తలుపు చాటున ఉన్నా.

ఇదీ ఆమె చెప్పింది. ఏడవలేదు. లేచి కొంగు దులుపుకుని, ఫంక్షన్ రోజు పేర్లు పిలుస్తారంటగా సారూ, ఆ క్లాసోళ్ళవి, ఇరవై మూడు కూడా పిలవండి, ఈసారి సరిగ్గా చెప్తా అంది.

ఫంక్షన్‌లో నిజంగానే ఆ ఐటమ్ ఉంది. 1979 బ్యాచ్ పాత వరండాలో కూర్చుంటే ఒక టీచర్ హాజరు పిలవాలి. ఆనాటి మాస్టర్లెవరూ మిగల్లేదు కాబట్టి నన్ను పెట్టారు.

చూద్దామమ్మా అన్నాను. చూద్దాం అంటే ఏమిటో ఆమెకి తెలియకుండా ఉండదు.

ఫిబ్రవరి 17

ఎనిమిది పేజీల్లో రెండు పేజీలు లక్ష్మీనరసింహం గారి గురించి రాసి మేడమ్‌కి ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. చాలా బాగా రాశారండీ అన్నారు. తర్వాత, ఇది బయటికొస్తే హాజరు లేకుండానే పరీక్ష రాసిన బ్యాచ్ అంటారు, వాళ్ళే చీఫ్ గెస్టులు అన్నారు. వాళ్ళలో ఇద్దరు గవర్నమెంట్‌లో పెద్ద హోదాల్లో రిటైరయ్యారు.

ఫిబ్రవరి 19

ప్రూఫ్ వచ్చింది. ఆరు పేజీలే ఉన్నాయి. 1975 నుంచి 1979 వరకు ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుల పర్యవేక్షణలో పాఠశాల నడిచింది, అని ఒక వాక్యం. నేను రాసింది కాదు. కింద నా పేరు ఉంది. సంతకం పెట్టి పంపించాను.

శ్రీకృష్ణ గారు హాజరు లిస్టు పంపారు. చనిపోయినవాళ్ళ పేర్లకి ఎదురుగా చుక్కలు పెట్టారు. పిలవకండి మాస్టారూ, సంతోషంగా జరగాల్సిన ఫంక్షను అన్నారు. పది చుక్కలు. ఇరవై మూడుకీ ఉంది. తొమ్మిది చుక్కల మధ్య పదోది ఎవరికీ కనపడదు. తెలివైన మనిషి.

సిగ్గుగా ఉంది. ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

షామియానా, సన్మానాలు, శాలువాలు. స్పీచ్‌లు రెండున్నర గంటలు. సావనీర్ అందరికీ పంచారు. శశిభూషణ్ గారు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. స్కూలు చరిత్రలో ఆ వాక్యం ఉన్న అరవై ఎనిమిదో పేజీ తీసి చదివి, మూసి, సంచిలో పెట్టుకున్నారు. నా వైపు చూడలేదు.

పన్నెండింటికి పాత వరండాలో హాజరు. బెంచీలు వేశారు. ఇరవై నాలుగు మంది వచ్చారు, అరవై దాటినవాళ్ళు, బెంచీల్లో పట్టక నవ్వుకుంటూ. ఊళ్ళోవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ట్రంకు పెట్టెలోంచి తీసిన అసలు హాజరు పట్టీ నా చేతికిచ్చారు. దానిలో శ్రీకృష్ణ గారి లిస్టు పెట్టుకున్నాను. మెట్ల దగ్గర, ఆఖరి మెట్టు మీద, హనుమాయమ్మ కూర్చుని ఉంది.

పిలిచాను. ఒకటి, ప్రెజెంట్ సార్. రెండు, ప్రెజెంట్ సార్. నాలుగుకి చుక్క ఉంది, వదిలేశాను. ఎవరూ గమనించలేదు. గొంతు మార్చి పలికేవాళ్ళు, చెయ్యెత్తి దాక్కునేవాళ్ళు, బాగానే సాగింది. ఇరవై రెండు పిలిచాను. ఇరవై నాలుగు పిలిచాను.

నేను పిలవలేదు. అది రాయాలి. ఇరవై మూడు నా కళ్ళ ముందు ఉంది, P లన్నీ ఉన్నాయి, పిలవలేదు.

ఇరవై నాలుగు ఆయన పలికేలోపే హనుమాయమ్మ లేచి నిలబడింది. సారూ, ఇరవై మూడు పిలవలా అంది. మైకు లేకపోయినా అందరికీ వినపడింది. శ్రీకృష్ణ గారు బెంచీలోంచి సగం లేచారు. నేను లిస్టు తీసి జేబులో పెట్టుకున్నాను. ఇరవై మూడు, కోటేశ్వరమ్మ అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు, మళ్ళీ పిలిచాను.

లేదండి, ఆబ్సెంటు అంది హనుమాయమ్మ.

ఆనాడు పలికింది నేనండి, పందొమ్మిది రోజులు ఈ మెట్టు మీదే కూర్చుని నేనే పలికా, బడికి రాలేదని నేను అబద్ధం చెప్పా, ఆ సారు తప్పు రాయలా అంది. కూర్చుంది.

నాకేం చెయ్యాలో తోచలేదు. చేతిలో రిజిస్టరు ఉంది కాబట్టి మళ్ళీ ఇరవై నాలుగు పిలిచాను. పలికాడు. ఇరవై అయిదు పలికింది. ఎవరూ గొంతులు మార్చలేదు, నవ్వలేదు. మేడమ్ నాకు సైగ చేస్తున్నారు, చాలు ఆపమని. ఆపలేదు. ముప్ఫై ఎనిమిది, శ్రీకృష్ణ.

ఆయన లేచి నిలబడ్డారు. ప్రెజెంట్ సార్ అన్నారు. కూర్చోలేదు. బెంచీ అంచు పట్టుకుని, అప్పుడు కూడా ఉన్నాను సార్, రోజూ విన్నాను, మేమందరం విన్నాం అన్నారు. తండ్రి పేరు ఎత్తకుండా ఆయన మాట్లాడగా నేను వినడం ఇదే మొదటిసారి.

నలభై ఒకటి దాకా పిలిచి రిజిస్టరు మూశాను. వెనక శశిభూషణ్ గారు నిలబడే ఉన్నారు. జనం కదిలాక ఆయన మెట్ల దగ్గరికి వెళ్ళి, హనుమాయమ్మకి కొంచెం ఎడంగా, అదే మెట్టు మీద కూర్చున్నారు. ఏమైనా మాట్లాడుకున్నారో లేదో తెలియదు. నేను బెంచీలు లెక్కపెట్టి లోపల పెట్టించాను.

ఫిబ్రవరి 23

పొద్దున పదింటికి రంజాన్ అనే పెయింటర్ వచ్చాడు. శ్రీకృష్ణ గారు మార్టూరు నుంచి పంపారట. బోర్డు దింపి ఏడో వరుస గీకాడు. కింద పాత అక్షరాలు తేలాయి. వాటి మీదే రాసేయమంటారా అని అడిగాడు. రాసేయమన్నాను. లక్ష్మీనరసింహం, 23-6-1975 నుంచి 19-3-1979 వరకు.

ఫొటో తీసి శశిభూషణ్ గారికి పంపాను. గంట తర్వాత రిప్లై వచ్చింది. తేదీలు సరిగ్గా ఉన్నాయండి.

సావనీర్ అలాగే ఉంది, కింద నా పేరుతో. అచ్చయింది అచ్చయిపోయింది.

ఇవాళ క్లాసులో ముప్ఫై ఒకటికి పదకొండు. ఆశ్రిత లేదు. నాలుగింటికి పర్చూరు వెళ్ళకుండా ఊళ్ళో నాలుగు వీధులు తిరిగాను. ఇరవై ఇళ్ళు.

ఫిబ్రవరి 24, ఉదయం 5.40

వరండాలో లైటు వెలగడం లేదు. ఫోన్ టార్చ్ పెట్టుకుని పిలిచాను. కారేజీలతో వచ్చారు, ముప్ఫై ఒకటికి ఇరవై ఎనిమిది మంది. ఆశ్రిత పలికింది. ఆఖరి మెట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు, టార్చ్ అటు తిప్పలేదు. యాప్ తెరుచుకోవడానికి ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు ఉంది.